నీళ్ళు పోయకూడని మడి

ఖతార్‌లో మొదటి ఎనిమిది నెలలు నేను కాంక్రీటు మోశాను. డెబ్బైల చివరి రోజులవి. సముద్రాన్ని పూడ్చి రోడ్లు వేస్తున్నారు. నిన్న ఇసుక దిబ్బ ఉన్నచోట ఇవాళ పునాది కనిపించేది. సిమెంటుకు నా అరచేతులు పగిలిపోయి, అన్నం కలుపుకుంటే కారం మండేది. ఒక సాయంత్రం ఫోర్‌మన్ క్యాంపుకు వచ్చి, మీలో వ్యవసాయం తెలిసినవాళ్ళు ఎవరని హిందీలో అడిగాడు. నలభై మందిమి ఉన్నాం. దాదాపు అందరం నాగలి పట్టినవాళ్ళమే. కానీ ఏజెంటు మా కాగితాల్లో మేస్త్రీలనీ కడ్డీ పనివాళ్ళనీ రాయించాడు. నిజం చెబితే వెనక్కి పంపేస్తారేమోనని ఎవరూ నోరు విప్పలేదు. నేను చెయ్యెత్తాను. ధైర్యం ఉండి కాదు, ఆ చేతులతో ఇంకో బకెట్ ఎత్తలేక.

"ఏ పంట?" అన్నాడు.

"హల్దీ," అన్నాను. మాది జగిత్యాల వైపు. పసుపు తప్ప నాకు గట్టిగా తెలిసిన పంట లేదు.

రెండు రోజులకు నన్ను అల్ మన్సూరా అవతల ఉన్న కంపెనీ క్వార్టర్లకు మార్చారు. చుట్టూ గోడ, లోపల ఎనిమిది ఇళ్ళు, ఇంటికో చిన్న తోట. ఇంటికి ఉత్తరం రాస్తే బాపు చదివించుకుని, "దుబాయ్‌ల అంత ఇసుకేనాయె, తోట ఏడిది?" అని తిరిగి రాయించాడు. నేనున్నది ఖతార్ అని ఎన్నిసార్లు రాసినా మా ఊరికి అది దుబాయే.

క్వార్టర్లలో నాకన్నా ముందు నుంచి ఒక తోటమాలి ఉన్నాడు. సిరిసిల్ల వైపు మనిషి. పాస్‌పోర్టులో నలభై అని ఉండేది గానీ యాభై దాటి ఉంటాయి. కాకా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో ఆయన రెండు బావులు తవ్వించాడు. రెండింట్లోనూ నీళ్ళు పడలేదు. మూడెకరాల పంట కళ్ళముందే ఎండిపోయాక గల్ఫ్‌కు వచ్చాడు. ఆ సంగతి మొదటి రోజే ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు.

ఆయన నీళ్ళు పెట్టే తీరు చూడాలి. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, ధారను పల్చటి తెరలా చేసి, ఒక్కో మొక్క దగ్గర నిలబడేవాడు. మట్టి పీల్చే చప్పుడు ఆగేదాకా కదిలేవాడు కాదు. ఎనిమిది ఇళ్ళకూ పొద్దున్నే ఆయనే నీళ్ళు పెట్టేవాడు. తవ్వకం, ఎరువు, కత్తిరింపు నావి. క్వార్టర్ల వెనక గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. వంట ఎక్కువగా ఆయనదే.

మూడో ఇంట్లో ఒక ఇంజినీరు, ఆయన భార్య. స్కాట్లండ్ వాళ్ళు. ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి. పిల్లలు వాళ్ళ దేశంలోనే హాస్టల్లో చదువుకునేవారు. అంతకుముందు నాలుగేళ్ళు కరాచీలో ఉన్నందువల్ల ఆమెకు వంటింటి ఉర్దూ వచ్చు. నాకు క్యాంపు హిందీ వచ్చు. మా మాటలు సగం వాటితో, సగం చేతులతో నడిచేవి. మిగతా ఇళ్ళవాళ్ళు గోడ మీద కాగితం పూల తీగ, ముందు ఇంత పచ్చిక ఉంటే చాలనుకునేవారు. ఈ మేడమ్‌కు మాత్రం గడ్డల నుంచి వచ్చే పూలు కావాలి. చలికాలం అంతా నేలలో పడుకుని, మంచు కరగగానే పొడుచుకొచ్చి పూస్తాయే, అవి.

నేను వెళ్ళిన శీతాకాలం విమానం పోస్టులో ఆమెకు అట్టపెట్టె ఒకటి వచ్చింది. లోపల తులిప్ గడ్డలు. ఒక్కొక్కటీ పెద్ద ఉల్లిగడ్డంత ఉంది, రాగి రంగు పొట్టు. నవంబరులో పాతాం. పగలు ఇంకా చెమటలు పోసే ఎండ. నెల దాటినా ఒక్క మొలకా రాకపోతే తవ్వి చూశాను. వేళ్ళకు గుజ్జు అంటుకుంది. చెబుదామని వెళ్తే ఆమె నా చేతులకేసి చూసి, నేను నోరు తెరవకముందే తల ఊపింది.

మరుసటి ఏడు గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టింది. చలి తగలనిదే వాటికి పూత రాదట. రెండున్నర నెలలు కూరగాయల అరలో ఉంచి డిసెంబరు చివర పాతాం. ఈసారి మొలకలొచ్చాయి. ఆకులు బలంగా, బూడిద పూసిన పచ్చ రంగులో వచ్చాయి. మొగ్గ ఉండాల్సిన చోట మాత్రం ఎండిన కాగితం ముక్కలాంటిది కనిపించింది. ఒక్క పువ్వు పూయలేదు. ఎందుకో తెలియక వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది. గడ్డలు అమ్మే కంపెనీ బొమ్మల పుస్తకంలో, వెనక పేజీలో చిన్న అక్షరాల్లో చివరికి దొరికింది. గడ్డలున్న అరలో ఆపిల్ పళ్ళు పెట్టకూడదు. పండే పళ్ళలోంచి వచ్చే ఆవిరికి గడ్డ లోపలి మొగ్గ చచ్చిపోతుంది. ఆ రెండున్నర నెలలూ అదే అరలో ఆపిల్ పళ్ళు ఉన్నాయి. ఆమె ఆ పేజీని నాకు చదివి వినిపించి, పుస్తకం మూసి, మెట్ల మీద కూర్చుంది.  నేను గడ్డపార తీసుకుని పక్క మడికి పోయాను.

మూడో ఏడు వేసవి తగ్గుముఖం పట్టగానే ఆమె నన్ను పిలిచి కొత్త బొమ్మల పుస్తకం నా చేతిలో పెట్టింది. ఈసారి ఏవి తెప్పిద్దామో నువ్వే చెప్పు అంది.

నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప చదవడం రాదు. పేజీలు తిప్పాను. ఒకదాన్ని మించి ఒకటి, సినిమా బొమ్మల్లా మెరిసిపోతున్నాయి. పువ్వును చూసి గడ్డను ఎంచడం నాకు చేతకాలేదు. మా ఊళ్ళో పసుపు పువ్వు ఎట్లా ఉంటుందని ఎవరూ అడగరు. పంట తవ్వాక, జూన్‌లో మళ్ళీ నాటేదాకా విత్తనం ఎండాకాలం ఎట్లా గడుపుతుందన్నదే మాకు దిగులు. విత్తన కొమ్ముల్ని నీడన కుప్పపోసి, పసుపు ఆకులు కప్పి, పైన మట్టి మెత్తుతాం. తడి తగిలిందా కుళ్ళిపోతుంది. ఎండ తగిలిందా వడిలిపోతుంది. వచ్చే ఏటి పంటంతా ఆ మట్టి కింద పడుకుని ఉంటుంది. ఇవీ గడ్డలే కదా అనిపించింది.

"మేడమ్, వీటి సొంత ఊళ్ళో ఎండాకాలం ఎట్లుంటది?" అని అడిగాను.

ఆమె ముందు నవ్వింది. తులిప్‌ల గురించి అందరూ చలి గురించే అడుగుతారు అంది.

"చలి మనం ఫ్రిజ్‌లో ఇయ్యొచ్చు," అన్నాను. "ఎండాకాలం కొత్తది ఇయ్యలేం. ఇక్కడున్నదే ఇయ్యాలె."

ఆమె నవ్వు ఆపి నాకేసి చూసింది. లోపలికి వెళ్ళి దేశాల పటాల పుస్తకం ఒకటి, మొక్కల గురించి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చింది. మూడు సాయంత్రాలు ఆ మెట్ల మీదే కూర్చుని పేరు పేరునా వెతికాం. తడి అడవుల్లో పుట్టినవాటిని కొట్టేశాం. నదుల ఒడ్డున, చల్లటి పచ్చిక బయళ్ళలో పుట్టినవాటిని కొట్టేశాం. ఇరాన్, అఫ్గానిస్తాన్, టర్కీ కొండల మీద, వసంతం పోయాక మళ్ళీ చలికాలం దాకా చుక్క వాన పడని రాళ్ళ నేలల్లో పుట్టినవాటిని ఉంచుకున్నాం. అలాంటివన్నీ పుస్తకం చివరి పేజీల్లో ఉన్నాయి. బొమ్మలు గోరంతేసి. వాటి పేర్లు పలకడానికి ఆమె కూడా తడబడింది.

నాలుగు రకాలు తేలాయి. సన్నటి తులిప్ ఒకటి, లోపల తెలుపు, బయట ఎర్ర చార. గడ్డిపోచలాంటి కాడ మీద నీలం చుక్కల్లా పూసేది ఒకటి. నీలం పూసల గుత్తిని తిరగేసి గుచ్చినట్టుండేది ఒకటి. జానెడు ఎత్తు మించని ఊదా ఐరిస్ ఒకటి. ఐదోది ఆమె పట్టుబట్టి చేర్చింది. నిలువెత్తు కాడ చివర నారింజ రంగు గంటలు చుట్టూ వేలాడుతుంటాయి, పైన ఆకుల కుచ్చు. ఇది బాగా మంచు కురిసే కొండల మీదిది, ఇక్కడ రాదు అన్నాను. మా అమ్మ వంటింటి తలుపు పక్కన ఇది ఉండేది అంది. దాన్నీ తెప్పించండి అన్నాను.

పెట్టె వచ్చేలోపు ఒక శుక్రవారం నేను బజారుకు వెళ్ళాను. లాంచీలు ఆగే రేవు దగ్గర ఒక ముసలి ఇరానీ మొక్కలు, కుండీలు అమ్మేవాడు. నేను చేతులతో చూపించి చెబితే, లోపలి నుంచి చిన్న గోనెసంచి తెచ్చి వాళ్ళ కొండల తులిప్ గడ్డలు కొన్ని నా అరచేతిలో పోశాడు. వేలి కణుపంత ఉన్నాయి. ఒకదాని పొట్టు చీల్చి చూపించాడు. పొట్టుకు లోపలివైపు దట్టంగా నూగు, గొర్రె ఉన్నిలా.

చలికి కప్పుకుందా అని అడిగాను.

"ఎండకు," అన్నాడు, అరబ్బీ కలిసిన ఉర్దూలో. "ఎంత ఎండితే అంత బాగా పూస్తుంది. ఎండాకాలం నీళ్ళు పోసి లేపావంటే మాత్రం చస్తుంది."

అవి కొనుక్కుని బయల్దేరుతుంటే, నర్గిస్ అనే తెల్ల పూల గడ్డలు కూడా ఒక గుప్పెడు ఇచ్చాడు. ఇవి తెలివితక్కువవాడి చేతిలోనూ పూస్తాయి అని నవ్వాడు.

మేడమ్ తోటలో తూర్పు గోడ వారన మడి తవ్వాను. పైన తెల్లగా ఉప్పు పేరుకున్న మట్టిని రెండడుగుల లోతు ఎత్తి పారేశాను. బయట కట్టే ఇళ్ళ దగ్గర ప్లాస్టరింగుకు జల్లెడ పట్టగా మిగిలిన గరుకు ఇసుక, సన్న కంకర తెచ్చి నింపాను. బాగా మాగిన మేక ఎరువు కొంచెం, మరీ కొంచెమే, కలిపాను. నీళ్ళు నిలవకుండా మడిని జానెడు ఎత్తు చేశాను. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి గనుక ఆ మడికి ట్యాంకర్‌లో వచ్చే తీపి నీళ్ళే. ఏ గడ్డనైనా దాని ఎత్తుకు మూడింతల లోతున పాతాను. వేలాడే పువ్వు గడ్డకు నడినెత్తిన బెజ్జం ఉంటుంది. అందులో నీరు నిలిస్తే కుళ్ళుతుందని దాన్ని పక్కకు పడుకోబెట్టి పాతాం. దానికి ఒక అడవి కంపు. ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్ళూ ఇంజినీరు సారు ముక్కు మూసుకునేవాడట. కాకా ఆ మడి పక్కన పోతూ ఆగి, వాసన చూసి, "ఇందులకు నక్కేమన్న జొచ్చిందా?" అన్నాడు.

జనవరి చివర నర్గిస్ పూసింది. ఫిబ్రవరిలో సగం దాటాక తులిప్‌లు వచ్చాయి. పొద్దున్నే చూస్తే సన్నగా, ఎర్రగా ముడుచుకుని ఉండేవి. పది గంటలకు ఎండ తగలగానే తెల్లటి చుక్కల్లా విచ్చుకునేవి, నడుమ ముదురు ఊదా మచ్చ. సాయంత్రానికి మళ్ళీ ముడుచుకునేవి. ఐరిస్‌లు మూడు రోజులే ఉన్నాయి. మేడమ్ రోజూ పదింటికి టీ కప్పు పట్టుకుని వచ్చి, విచ్చుకోవడం పూర్తయ్యేదాకా నిలబడేది. ఫోర్‌మన్ ఒకసారి వచ్చి చూసి, ఈ గడ్డి పూలకేనా ఇంత తవ్వకం అని వెళ్ళిపోయాడు. నాకు మాత్రం అంత సంతోషం అంతకుముందు ఆ దేశంలో కలగలేదు. ఒక పని చెయ్యమంటే చెయ్యడం వేరు, ఆలోచించి చేసింది ఫలించడం వేరు.

వేలాడే పువ్వు నేను చెప్పినట్టే అయింది. జానెడు లేచి, ఆకులు చుట్టూ విప్పి, అక్కడే ఆగిపోయి పసుపెక్కింది. మేడమ్ దాన్ని తనే కోసి లోపలికి తీసుకెళ్ళింది. కోసినప్పుడు కాడ అదే కంపు కొట్టింది. వాళ్ళమ్మ వంటింటి తలుపు దగ్గర వాసన అదేనట. పువ్వు రాకపోయినా వాసన వచ్చింది, చాలు అంది.

ఏప్రిల్‌కు ఆకులన్నీ ఎండి రాలాయి. మే నెలలో చూస్తే అక్కడ మడి ఉందంటే ఎవరూ నమ్మరు. వట్టి కంకర. జూన్‌లో మేడమ్ వేసవి సెలవులకు తన దేశం పోయింది. అదే నెలలో ఎప్పుడో రావాల్సిన నా సెలవు వచ్చింది. వెళ్ళేముందు కాకాను ఆ మడి దగ్గరికి తీసుకెళ్ళి, దీనికి ఒక్క చుక్క కూడా వద్దు అని మరీ మరీ చెప్పాను. సరే పొమ్మన్నాడు. గుర్తు కోసం నాలుగు మూలలా పుల్లలు పాతి తాడు కట్టాను.

ఆగస్టు చివర తిరిగి వచ్చాను. గేటు దాటగానే తూర్పు గోడ వారన పచ్చగా కనిపించింది. దగ్గరికి పోతే గరిక, గంగవాయిల కూర మడి నిండా అల్లుకుని ఉన్నాయి. తాడు విప్పి, చుట్ట చుట్టి, గోడ మీద పెట్టి ఉంది. కాకా తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన ముఖంలో గర్వం ఉంది.

"సూసినవా బిడ్డా, మడి ఎట్ల తేరుకున్నదో," అన్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే తవ్వాను. కంకర కింద తడి. తడి కింద గుజ్జు. కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. ఇంకోచోట తవ్వాను. అక్కడా అదే. పొట్లు మాత్రం మిగిలాయి, లోపల నూగుతో సహా.

అప్పుడు నేనన్న మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది. "రెండు బాయిలు ఎండినోనికి నీళ్ళ ఇలువ తెలుస్తదనుకున్న కాకా," అన్నాను. "ఇంత పాడుజేస్తవనుకోలే."

 ఆయన తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పాడు.

"తెల్వక పోయలే. నువ్వు చెప్పింది యాదికున్నది. పది రోజులు ఆగిన. పొద్దుగాల దాన్ని దాటుకుంటనే పోవాలె. పోయేటప్పుడు సూత్త, అచ్చేటప్పుడు సూత్త. పాలిపోయి తెల్లగైంది. చేతుల పైపున్నది, పైపుల నీళ్ళున్నయి. ఎండిన మడి ముంగట నిలవడి నీళ్ళు పోయకుండ ఉండుడు నాతోని కాలే."

చెప్పి, పైపు ఎత్తుకుని నాలుగో ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

నా కోపం ఆ మాటతో పోలేదు. పోయి ఉంటే బాగుండేది. రెండు వారాలు మా గదిలో మాటల్లేవు. ఆయన వండేవాడు, నా పళ్ళెంలో వడ్డించేవాడు, నేను తినేవాణ్ణి. ఆయన నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. ఆయన తప్పు గురించి నేను లోలోపల రోజూ అనుకుంటూనే ఉన్నాను. గడ్డలు కుళ్ళడం ఒకటి, ఆయన బావుల్ని నేను తవ్వి పైకి తేవడం ఒకటి. ఈ రెండింట్లో ఏది పెద్దదో తెలిసీ తెలియనట్టు తిరిగాను.

సెప్టెంబరులో మేడమ్ వచ్చింది. మడికి నీళ్ళు అందాయనీ, చెప్పాల్సినట్టు చెప్పకుండా పోవడం నాదే పొరపాటనీ చెప్పాను. అబద్ధమే. ఆమె దూరంగా పైపు పట్టుకుని నిలబడ్డ కాకాకేసి ఒకసారి చూసింది. ఏమర్థమైందో తెలియదు. ఏమైనా మిగిలాయా అని మాత్రం అడిగింది. ఇద్దరం కలిసి కంకరంతా జల్లెడ పట్టాం. నీలం చుక్కల పువ్వుల గడ్డలు పూర్తిగా పోయాయి. ఐరిస్‌లు పోయాయి. నీలం గుత్తుల్లో కొన్ని బతికాయి. పైపు సరిగా అందని గోడ మూలన గుప్పెడు చిన్న తులిప్‌లు దొరికాయి. నర్గిస్‌కు ఏమీ కాలేదు. ఆమె వాటన్నిటినీ వార్తాపత్రిక మీద ఆరబోసి, బొమ్మల పుస్తకం మళ్ళీ నా చేతికిచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పుస్తకాన్ని కాకా ముందు పెట్టాను. సూడు కాకా, ఈసారి నువ్వు చెప్పు అన్నాను. రెండు వారాల తర్వాత మా మధ్య మొదటి మాట అది. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, పుస్తకాన్ని వెనక పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో బొమ్మ దగ్గరా చాలాసేపు ఆగాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఇందుల ఎండాకాలం నీళ్ళు పోసినా బతికెటియి లేవా?"

నాకు అర్థం కాలేదు.

"మల్ల ఎండాకాలం అస్తది," అన్నాడు. "పోయొద్దని నువ్వు చెప్తవు. సరే అంట. అయినా పోస్త. నా మీద నాకే నమ్మకం లేదు బిడ్డా. నేను పోసినా సావనిది సూడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాడు. నేను మట్టి చూశాను, ఉప్పు చూశాను, చలి, ఎండ అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. ఆ మడి పక్కనుంచి రోజుకు రెండుసార్లు పైపు పట్టుకుని నడిచే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. ఆయన స్వభావం కూడా ఆ నేల స్వభావం లాంటిదే, చెబితే మారేది కాదు. ఇంత తెలివి పుస్తకాలు తిరగేసిన నాకూ మేడమ్‌కూ రాలేదు.

ఆ మాట మేడమ్‌కు చెప్పాను. ఆమె కూడా నవ్వలేదు. కొంచెం ఆలోచించి, పోయిన ఏడు మేం కొట్టేసిన నది ఒడ్డు పువ్వుల్లో మళ్ళీ వెతికింది. మోకాలెత్తు కాడ మీద తెల్లటి చిన్న గంటలు వేలాడే పువ్వు ఒకటి దొరికింది. ప్రతి రేకు కొసనా ఆకుపచ్చ చుక్క, గోరింటాకు చుక్క పెట్టినట్టు. వాగుల పక్క తడి నేలల్లో పుడుతుందట, గట్టి చలినీ తట్టుకుంటుందట, ఎండాకాలం తడి ఉంటే మరీ మంచిదట. ఈ ఎండకు ఆగుతుందో లేదో పుస్తకంలో లేదు. చూద్దాం అంది.

చోటు కాకాయే చూపించాడు. వంటింటి వెనక, మధ్యాహ్నం నుంచి గోడ నీడ పడే చోట, రెండు ఏసీల నీళ్ళు ఎండాకాలమంతా చుక్కచుక్కగా కారేవి. ఆ నీళ్ళలో ఉప్పుండదు, చల్లగా ఉంటాయి. పచ్చిమిరప మొక్కలకని ఆయన ఎప్పటినుంచో అక్కడ డబ్బా పెట్టి పట్టుకునేవాడు. మడి ఆయనే తవ్వాడు, ఎరువు బాగా కలిపాడు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. మిగిలిన తులిప్‌లను మట్టి కుండీల్లో పాతాం. ఆకులెండగానే వాటిని స్టోర్ గదిలో పై అరన పెట్టెయ్, నాకు కనపడనియ్యకు అని ఆయనే చెప్పాడు.

మొదటి ఏడు ఆ తెల్ల గంటలవి రెండే కాడలు వచ్చాయి. వేసవిలో ఆయన రోజూ పొద్దున ఇంత, సాయంత్రం ఇంత పోశాడు, ఏసీ నీళ్ళు చాలవన్నట్టు. చచ్చిపోతాయని నేను నోరు మూసుకుని చూస్తూ ఉన్నాను. చావలేదు. రెండో ఏడాది ఏడు కాడలు లేచాయి. ఫిబ్రవరి చివర ఒక పొద్దున కాకా వాటి ముందు గొంతుక్కూర్చుని, ఒక గంటను చూపుడు వేలితో పైకెత్తి లోపల చూశాడు.

"దీని మొకం సూడాలంటె మనమే కిందికి కూసోవాలె," అన్నాడు.

నేనూ పక్కన కూర్చున్నాను. "కాకా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"నల్లా బందు చేసిరాపో, నీళ్ళు దండుగ పోతున్నయి," అన్నాడు. లేచి పోయి నల్లా కట్టేశాను. ఆ మాట అంతటితో ఆగిపోయింది. తర్వాత కూడా నేను పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ మరుసటేడు ఇంజినీరు సారు కాంట్రాక్టు అయిపోయింది. గడ్డలు తవ్వి కట్టివ్వనా అని మేడమ్‌ను అడిగాను. వద్దు, వీటికి ఇప్పుడు మా ఊరి ఎండాకాలం నచ్చదు అంది. కొత్తగా వచ్చినవాళ్ళకు రెండో కారు పెట్టుకునే చోటు కావలసి తూర్పు గోడ వారన టైల్స్ వేయించారు. వంటింటి వెనక మడిని ఎవరూ పట్టించుకోలేదు. గల్ఫ్ వదిలి ఊరికి పోయేదాకా కాకా దానికి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆయన ఊరికి వెళ్ళిన నెలకే నన్ను ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌కు మార్చారు. అక్కడ రోడ్డు వెంట చెట్లకు నీళ్ళు పెట్టడం నా డ్యూటీ. ట్యాంకర్ మీద కూర్చుని పోవడమే, ఆలోచించాల్సింది పెద్దగా లేదు.

అక్కడ ఒక జనవరిలో రెండు రోజులు వాన పడింది. వారం తర్వాత డ్యూటీ ముగించుకుని నడుస్తుంటే, రోడ్డుకు దూరంగా, వాన నీళ్ళు నిలిచి ఇంకిన పల్లంలో ఆకులు కనిపించాయి. సన్నగా, ఉల్లి ఆకుల్లా. మధ్యలో జానెడు కాడ మీద గోధుమ రంగు చిన్న గంటలు. దూరం నుంచి చూస్తే ఎండిపోయాయనుకుంటాం. ఒకదాని పక్కన వేలితో గీరాను. చాలా లోతుకు పోయాక తెల్లటి గడ్డ తగిలింది. మట్టి మళ్ళీ కప్పేశాను. ఆ దారిన వచ్చిన మేకల కాపరిని దీని పేరేమిటని అడిగితే, "బసల్," అన్నాడు. బసల్ అంటే ఉల్లి. అంతకుమించి అతనికీ తెలియదు.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే పల్లంలో ఏమీ లేదు. మేకలు మొదలంటా మేసి పోయాయి. మేక నోటికి అందనంత లోతున గడ్డలున్నాయని నాకు తెలుసు గనుక బాధ వెయ్యలేదు. మరుసటేడు అక్కడ వాన పడలేదు, ఏమీ మొలవలేదు. ఆ పై ఏటికి నేను ఆ ఊళ్ళో లేను.